నోటి ఓటు, చాటు ఓటు : 1868 బ్రిటిష్ ఎన్నిక నేర్పిన పాఠము

ప్రజాస్వామ్యమునకు ఎన్నికలు ప్రాణమని పాఠ్యగ్రంథములలో చదువుచుందుము. అయితే ఎన్నికకు ప్రాణమేది? ఓటు హక్కు అని వెంటనే సమాధానము వచ్చును. ఆ సమాధానము సత్యమే కాని సగము సత్యము. హక్కు కలిగియుండుట వేరు. ఆ హక్కును భయము లేక వాడుకొనగలుగుట వేరు. ఈ రెండింటి నడుమ నున్న దూరమెంతయో బ్రిటిష్ ప్రజలు ఒకే ఒక్క ఎన్నికలో తెలిసికొనిరి. అది విక్టోరియా రాణి పాలనలో 1868 నవంబరు, డిసెంబరు మాసములలో జరిగిన సార్వత్రిక ఎన్నిక. శ్రామికులు పెద్దసంఖ్యలో ఓటర్లుగా పాల్గొన్న మొదటి బ్రిటిష్ సార్వత్రిక ఎన్నిక అది. ఓటరు తన ఓటును నలుగురి యెదుట నోట పలికి చెప్పవలసి వచ్చిన చివరి సార్వత్రిక ఎన్నిక కూడ అదియే. మొదటిదియు చివరిదియు ఒక్కటే యగుటలో ఈ పాఠమంతయు ఇమిడియున్నది.

నాటి ఎన్నిక జరుగు విధము

నేటి విద్యార్థికి ఆనాటి ఎన్నిక ఒక తిరునాళ్ళవలె తోచును. పట్టణము నడుమ కొయ్యలతో ఎత్తయిన వేదికను కట్టెడివారు. దానికి హస్టింగ్సు అని పేరు. అభ్యర్థులు ఆ వేదికపై నిలిచి ప్రసంగించెడివారు. క్రింద గుమిగూడిన జనములో ఓటు కలవారును లేనివారును కలసియే యుండెడివారు. ఎన్నికల అధికారి ఒక్కొక్క అభ్యర్థి పేరు చెప్పి చేతులెత్తుడనగా, ఓటు లేనివారు కూడ చేతులెత్తెడివారు. అట్లు ఓడిన అభ్యర్థి లాంఛనముగా పోలింగును కోరెడివాడు. అసలు ఎన్నిక అప్పుడు మొదలయ్యెడిది.

పోలింగునాడు ఓటరు గుమాస్తా యెదుట నిలిచి, తన పేరు చెప్పి, తాను ఎవరికి ఓటు వేయుచున్నాడో బిగ్గరగా చెప్పవలెను. గుమాస్తా దానిని పుస్తకములో వ్రాసికొనును. ఇరుపక్షముల ఏజెంట్లును ప్రక్కనే నిలిచి వినుచుందురు. మధ్యాహ్నమగునప్పటికి ఎవరికి ఎన్ని ఓట్లు పడినవో ఊరంతటికి తెలిసిపోవుచుండెను. పెక్కుచోట్ల ఎన్నిక ముగిసిన పిమ్మట ఆ పోలింగు పుస్తకములను అచ్చువేసి అంగళ్ళలో అమ్మెడివారు. ఓటరు పేరు, అతడు ఓటు వేసిన అభ్యర్థి పేరు అందులో కనబడును. భూస్వామి తన కౌలుదారులలో ఎవరు తన మాట వినిరో, ఎవరు వినలేదో కుర్చీలో కూర్చుండి చదువుకొనవచ్చును. దుకాణదారు తన ఖాతాదారు ఓటును, మిల్లు యజమాని తన కార్మికుని ఓటును చూచుకొనవచ్చును. పోలింగు దేశమంతట ఒకేనాడు జరుగకుండెను. ఒక్కొక్క నియోజకవర్గమున ఒక్కొక్క దినమున జరుగుచు, నవంబరు 17వ తేదీన ఆరంభమై డిసెంబరు 7వ తేదీవరకు సాగెను.

ఎవరికి ఓటు వచ్చెను?

1832 సంస్కరణ చట్టము మధ్యతరగతికి ఓటిచ్చెనే కాని, పట్టణములలో సాలునకు 10 పౌండ్ల విలువగల ఇల్లు ఉండవలెనను నియమము పెట్టెను. చేతిపనివారు, గనికార్మికులు బయటనే నిలిచిపోయిరి. 1838లో చార్టిస్టులు ప్రకటించిన ఆరు కోరికలలో వయోజన పురుషులందరికి ఓటు ఒకటి. రహస్య బ్యాలెట్ మరొకటి. పార్లమెంటు ఆ రెండింటిని తోసివేసెను. 1866లో లిబరల్ ప్రభుత్వము తెచ్చిన సంస్కరణ బిల్లు సొంత పక్షములోని అసమ్మతి వలననే ఓడిపోయి, ప్రభుత్వము కూడ కూలిపోయెను. ఆ జూలై మాసములో లండను హైడ్ పార్కులో సభ జరుపకుండ ప్రభుత్వము నిషేధింపగా, జనము ఇనుప కమ్ముల కంచెను పెకలించి లోనికి చొచ్చుకొనిపోయిరి.

విచిత్రమేమనగా, పిదప వచ్చిన కన్సర్వేటివ్ ప్రభుత్వమే 1867లో అంతకంటె విశాలమైన చట్టము తెచ్చెను. దానిని కామన్స్ సభలో నడిపించినవాడు బెంజమిన్ డిజ్రేలీ. ఈ చట్టము వలన ఇంగ్లండు, వేల్సు పట్టణములలో ఇంటి పన్ను కట్టు ప్రతి గృహస్థునకును, సంవత్సరమునకు 10 పౌండ్ల అద్దె చెల్లించుచు గదులలో నివసించువారికిని ఓటు లభించెను. గ్రామీణ కౌంటీలలో 12 పౌండ్ల విలువగల స్థలమును అనుభవించువారికి హక్కు వచ్చెను. ఇంగ్లండు, వేల్సులలో ఓటర్ల సంఖ్య సుమారు 10 లక్షలనుండి సుమారు 20 లక్షలకు పెరిగెను. వయోజన పురుషులలో మువ్వురికి ఒక్కరు ఓటరైరి. వ్యవసాయ కూలీలకు మాత్రము ఇంకను హక్కు రాలేదు.

దక్షిణ వేల్సులో ఇనుప కొలుములకును బొగ్గు గనులకును పేరుగన్న మెర్థిర్ టిడ్విల్ నియోజకవర్గమున జరిగిన మార్పు గమనింపదగినది. అచ్చట సంస్కరణకు పూర్వము ఓటర్లు 1,387 మంది. 1868లో 14,577 మంది. పదిరెట్లకు పైగా పెరిగిన ఈ సంఖ్యలో అధికులు కార్మికులే.

స్త్రీలకు హక్కు రాలేదు. ప్రఖ్యాత తత్త్వవేత్తయు, వెస్ట్‌మిన్‌స్టర్ సభ్యుడునైన జాన్ స్టువర్ట్ మిల్ 1867 మే మాసమున బిల్లులో ‘పురుషుడు’ అనుచోట ‘వ్యక్తి’ అను పదము చేర్పవలెనని సవరణ ప్రతిపాదించెను. దానికి అనుకూలముగా 73 ఓట్లు, ప్రతికూలముగా 196 ఓట్లు వచ్చెను. ఆ సంవత్సరము నవంబరులోనే మాంచెస్టరు ఉప ఎన్నికలో లిలీ మాక్స్‌వెల్ అను చిన్న దుకాణదారురాలి పేరు పొరపాటున జాబితాలో చేరగా, ఆమె పోయి అందరియెదుట తన అభ్యర్థి పేరు పలికి ఓటు వేసెను. మరుసటి సంవత్సరము న్యాయస్థానము స్త్రీలకు ఆ హక్కు లేదని తీర్పు చెప్పెను. ఈ మిల్ మహాశయుని ప్రసక్తి ముందు మరల రాగలదు.

ఎన్నికలోని ప్రధాన సమస్య

1868 ఫిబ్రవరిలో డిజ్రేలీ ప్రధానమంత్రి యయ్యెను. ప్రతిపక్ష నాయకుడు విలియం గ్లాడ్‌స్టన్. కామన్స్ సభలో కన్సర్వేటివులకు సంఖ్యాబలము లేదు. గ్లాడ్‌స్టన్ ఎన్నికకు ఎంచుకొనిన సమస్య ఐర్లండు చర్చి.

1861 జనాభా లెక్కల ప్రకారము ఐర్లండు జనులు సుమారు 58 లక్షలు. వారిలో సుమారు 45 లక్షల మంది కాథలిక్కులు. రాజ్యము గుర్తించిన ఆంగ్లికన్ చర్చికి చెందినవారు 7 లక్షలకు లోపు. అయినను భూములు, ఆస్తులు, రాజ్యముయొక్క అండ ఆ కొలదిమంది చర్చికే దక్కియుండెను. అనగా జనాభాలో సుమారు ఎనిమిదవ వంతు వారి మతము రాజమతమై, నాల్గింట మూడు వంతులకు పైబడిన వారి మతము తన గుడులను తానే పోషించుకొనుచుండెను. ఒక మతశాఖకు రాజ్యము అండగా నిలిచినప్పుడు తక్కిన వారి మనస్సులలో కలుగు పరాయితనము లెక్కలకందునది కాదు. సంఖ్యలో తక్కువ యగుటయే అల్పత్వము కాదు. రాజ్యము ముందు సమానత్వము లేనప్పుడు అధికసంఖ్యాకులు కూడ అల్పులవలె బ్రదుకవలసి వచ్చునని ఐర్లండు చరిత్ర చూపుచున్నది.

ఈ రాజమత స్థితిని రద్దుచేయవలెనని గ్లాడ్‌స్టన్ తెచ్చిన తీర్మానములను 1868 వసంతమున కామన్స్ సభ అంగీకరించెను. ప్రభుత్వము ఓడిపోయినను, క్రొత్త ఓటర్ల జాబితాలు సిద్ధమగువరకు డిజ్రేలీ పదవిలో నిలిచి, నవంబరులో పార్లమెంటును రద్దుచేయించెను. ఐర్లండు కాథలిక్కులు, వేల్సులోని చాపెల్ భక్తులు, స్కాట్లండు ప్రెస్బిటేరియనులు, ఇంగ్లండులో ఆంగ్లికన్ చర్చికి వెలుపల నున్న వారు ఈ సమస్యపై లిబరల్ పక్షమును బలపరచిరి.

ఫలితములు

658 స్థానములలో లిబరలులు 387, కన్సర్వేటివులు 271 గెలుచుకొనిరి. ఓటు ఇచ్చినది డిజ్రేలీ. ఫలితమును అనుభవించినది గ్లాడ్‌స్టన్. ఇందు నేర్వవలసిన మొదటి విషయమిది: ఓటు ఋణపత్రము కాదు. ఇచ్చినవానికే తిరిగి చెల్లింపవలెనను నియమము దానికి లేదు.

ఫలితములలో చిత్రములు పెక్కు కలవు. గెలిచిన పక్షమునకు నాయకుడైన గ్లాడ్‌స్టన్ స్వయముగా నైరుతి లాంకషైరులో ఓడిపోయెను. అదే సమయమున గ్రీనిచ్ పట్టణము ఆయనను ఎన్నుకొనియుండుటచే సభలో స్థానము దక్కెను. వెస్ట్‌మిన్‌స్టరులో మిల్ పండితుడు, రైల్వే స్టేషనులలో పుస్తకముల అంగళ్ళు నడుపు వ్యాపార కుటుంబమునకు చెందిన డబ్ల్యు. హెచ్. స్మిత్ చేతిలో పరాజితుడయ్యెను. మెర్థిర్‌లో శాంతి సంఘమునకు కార్యదర్శియైన హెన్రీ రిచర్డు అనునతడు 11,683 ఓట్లతో ప్రథముడుగా గెలువగా, పూర్వ సభ్యుడైన హెచ్. ఎ. బ్రూస్ 5,776 ఓట్లతో స్థానము కోల్పోయెను. ఈ బ్రూస్ గ్లాడ్‌స్టన్ ప్రభుత్వమున హోం మంత్రి యయి, పిదప వేరొక నియోజకవర్గమునుండి సభకు వచ్చెను.

ఓటమి స్పష్టమైనంతనే డిజ్రేలీ పార్లమెంటు సమావేశమగువరకు వేచియుండక డిసెంబరు ఆరంభముననే రాజీనామా చేసెను. అంతకుముందు ఓడిన ప్రధానులు సభలో ఓటింగు జరిగి పడిపోవువరకు పదవిలో నుండెడివారు. ప్రభుత్వమును నిర్ణయించునది సభ మాత్రమే కాదు, ఓటర్లని ఈ రాజీనామా అంగీకరించెను. డిసెంబరు 3వ తేదీన గ్లాడ్‌స్టన్ మొదటిసారి ప్రధానమంత్రి యయ్యెను. 1869లో ఐర్లండు చర్చి చట్టమయ్యెను. 1871 జనవరి 1 నుండి ఆ చర్చి రాజ్యముతో సంబంధము తెంచుకొనెను. అదే చట్టమున కాథలిక్ మేనూత్ విద్యాలయమునకును, ప్రెస్బిటేరియన్ బోధకులకును ప్రభుత్వము ఇచ్చుచున్న సహాయములు కూడ పరిహారముతో ముగిసినవి. ఎవరికిని రాజ్యపు ప్రత్యేక పోషణ లేకుండుటయే సమత్వమని నాటి నిర్ణయము.

పుస్తకములను ఇంతటితో మూసివేసినచో 1868 ఎన్నిక ఒక విజయగాథ. కాని పోలింగు పుస్తకములు ఇంకను తెరచియే యున్నవి.

వేల్సు కౌలుదారుల వెల

వేల్సు గ్రామములలో భూస్వాములు సాధారణముగా ఆంగ్లికనులు, ఆంగ్లము మాటలాడువారు, కన్సర్వేటివులు. కౌలుదారులు చాపెలు భక్తులు, వెల్షు భాషీయులు, లిబరల్ అభిమానులు. కౌలు చాలవరకు సంవత్సరము నుండి సంవత్సరమునకు నడుచునదే. నోటీసు ఇచ్చి లెమ్మనినచో తరతరములుగా సాగుచేసిన పొలమును, కట్టుకొనిన పశువుల కొట్టమును విడిచి పోవలసినదే. తాను భూమికి చేసిన మేలునకు పరిహారము కూడ చట్టము ఇప్పించుట లేదు. 1859 ఎన్నిక తరువాతనే మెరియనెత్ కౌంటీలో భూస్వామి కోరినట్లు ఓటు వేయని కౌలుదారులు కొందరు భూములు కోల్పోయియుండిరి. ఆ జ్ఞాపకము మాయలేదు.

అట్టివారు 1868లో భూస్వామి ఏజెంటు కన్నులలోనికి చూచుచు లిబరల్ అభ్యర్థి పేరు పలికిరి. వేల్సులోని 33 స్థానములలో 23 లిబరలులకు దక్కెను. కేర్నార్వన్ కౌంటీలో పెన్రిన్ పలక గనుల యజమాని కుటుంబమునకు చెందిన డగ్లస్ పెనెంటు సహితము ఓడిపోయెను. తరువాత లెక్క తీర్చుకొనుట మొదలయ్యెను. కార్డిగన్, కార్మార్థెన్ కౌంటీలలో కౌలుదారులకు ఖాళీచేయుడను నోటీసులు వచ్చెను. పలక గనులలో కార్మికులు కొందరు పని కోల్పోయిరి. బేదఖలు అను మాట తెలంగాణ పాఠకులకు వివరింపనక్కరలేదు. పంట నష్టపోయినచో మరుసటి ఏడు పండును. భూమినుండి వెడలగొట్టబడినవానికి మరుసటి ఏడు లేదు.

వీరికొరకు వేల్సు ప్రజలు చందాలు పోగుచేసిరి. మెర్థిర్ కార్మికులు పంపిన హెన్రీ రిచర్డు కార్డిగన్ కౌంటీలోని ట్రెగారన్‌లో పుట్టినవాడు. అతడు 1869లో ఈ బేదఖళ్ళ సంగతిని కామన్స్ సభ ముందుంచెను. నగరపు కార్మికుని ఓటు గ్రామపు కౌలుదారుని గోడును సభవరకు చేర్చెనన్నమాట. ఒకరి హక్కు మరియొకరికి గొంతు కాగలదనుటకు ఇంతకంటె నిదర్శనమేల?

మిల్లు పట్టణములలో స్థితి వేరుగా లేదు. లాంకషైరులోని బ్లాక్‌బర్న్‌లో అదే నవంబరులో పురపాలక ఎన్నికలందు యజమానుల కోరికకు వ్యతిరేకముగా ఓటు వేసిన కార్మికులు పనులనుండి తొలగింపబడిరి. 1868లో వచ్చిన చట్టమొకటి ఎన్నికల వివాదములను సభా సంఘముల చేతినుండి న్యాయమూర్తులకు అప్పగించెను. దాని ప్రకారము విచారణ జరిగి, బెదిరింపు కారణమున బ్లాక్‌బర్న్ పార్లమెంటు ఎన్నిక 1869లో రద్దయ్యెను. ఉప ఎన్నిక జరుగగా పదవులు కోల్పోయిన ఇరువురి కుమారులే గెలిచిరి! నేరము జరిగిన పిమ్మట శిక్షించు చట్టము అవసరమే. కాని నేరమునకు తావులేకుండ చేయు ఏర్పాటు లేనిచో శిక్ష వలన ఫలితము స్వల్పమని ఇందువలన తేలినది.

మిల్ మహాశయుని వాదము

రహస్య ఓటును వ్యతిరేకించినవారందరు భూస్వాములని తలంపరాదు. వారిలో మిల్ పండితుడు కూడ ఉండెను. ఈయన 1823 నుండి 1858 వరకు లండనులో ఈస్టిండియా కంపెనీ కార్యాలయమున పనిచేసినవాడు గావున మన దేశ చరిత్ర విద్యార్థులకు కూడ పరిచితుడు. యౌవనమున రహస్య బ్యాలెటును సమర్థించి, అనంతరము అభిప్రాయము మార్చుకొనెను. 1861లో ప్రాతినిధ్య ప్రభుత్వముపై ఆయన ప్రకటించిన గ్రంథమున ఈ వాదము విపులముగా కలదు.

దాని సారాంశమిది. ఓటు ఓటరుయొక్క సొంత ఆస్తి కాదు. సమాజము అతని చేతికిచ్చిన అమానతు. ఇల్లు అమ్ముకొనినట్లు దానిని తన ఇష్టానుసారము వాడరాదు. సర్వజన హితమును తలచి వాడవలెను. అమానతు ఉంచుకొనినవాడు ఎట్లు ఖర్చుచేసెనో అప్పగించినవారికి కనబడవలెను గదా! కావున ఓటు బహిరంగముగా నుండుటయే ధర్మము. చాటున వేసిన ఓటులో స్వార్థము, కక్ష, చాపల్యము చోటుచేసికొనును. యజమానుల ఒత్తిడి ఒకప్పుడు గొప్ప కీడే యైనను ఇప్పుడు తగ్గిపోవుచున్నది. ఓటరు స్వార్థమే ఇక ముందు పెద్ద కీడు.

ఈ వాదములో గౌరవింపదగిన భాగము కలదు. ఓటు అమానతు అనుమాట అక్షరాల సత్యము. అయితే ఆ వాదమంతయు ఒక లెక్కపై ఆధారపడియున్నది: ఒత్తిడి తగ్గిపోవుచున్నదను లెక్క. 1868–69 సంవత్సరములు ఆ లెక్క తప్పని చూపెను. తత్త్వము ఎంత గంభీరమైనను, దాని క్రింద నున్న వాస్తవము కదలినప్పుడు నిలువజాలదు.

రెండవ లోపము మరింత సూక్ష్మమైనది. ఓటును సమాజము చూడవలెనని మిల్ కోరెను. కాని చూచుచున్నదెవరు? ఊరిలోని బీదవాడు చూచినను చేయగలిగినది లేదు. భూస్వామి చూచినచో పొలము పోవును. చూచు కన్నులన్నింటికి సమానమైన బలము లేనప్పుడు, బహిరంగత ప్రజల అధికారము కాక బలవంతుల అధికారమగును. బహిరంగముగా నిలిచి చెప్పిన మాట ధైర్యమే. కాని హక్కు ధైర్యవంతులకు మాత్రమే పనికివచ్చునది కారాదు. భార్యాబిడ్డలను తలచి భయపడు సామాన్యుడు కూడ నిర్భయముగా వాడుకొనగలిగినప్పుడే అది హక్కు.

మరి బాధ్యత మాటయేమి? ఇచ్చట ఒక భేదమును గుర్తింపవలెను. ఓటరు తన పేరున తాను నిర్ణయించును. అతడు తన అంతరాత్మకు జవాబుదారి. ప్రతినిధి ఇతరుల పేరున నిర్ణయించును. అతడు వారికి జవాబుదారి. కాబట్టి ఓటరు ఓటు చాటుగాను, ప్రతినిధి ఓటు బాహాటముగాను ఉండుట పరస్పర విరుద్ధములు కావు. రెండును ఒకే న్యాయమునుండి పుట్టినవి.

1872 బ్యాలెట్ చట్టము

గ్లాడ్‌స్టన్ కూడ చిరకాలము రహస్య ఓటునకు విముఖుడే. 1868 అనుభవము, మంత్రివర్గములో జాన్ బ్రైట్ వంటి వారి పట్టుదల ఆయనను మార్చెను. 1869లో హార్టింగ్టన్ ప్రభువు అధ్యక్షతన ఎన్నికల తీరును విచారించు సంఘము ఏర్పడెను. అది రహస్య ఓటింగును సిఫారసు చేసెను. 1871లో కామన్స్ సభ ఆమోదించిన బిల్లును ప్రభువుల సభ త్రోసిపుచ్చెను. డబ్ల్యు. ఇ. ఫార్‌స్టర్ మరుసటి సంవత్సరము దానిని మరల నడిపించి నెగ్గించెను. 1872 జూలై 18న అది చట్టమయ్యెను. 1880 సంవత్సరాంతము వరకే అమలులో నుండునట్లు గడువు పెట్టి ప్రయోగముగా దానిని అంగీకరించిరి. అటుపిమ్మట ఏటేట పొడిగించుచు వచ్చిరి.

ఈ పద్ధతి బ్రిటనులో పుట్టినది కాదు. 1856లో ఆస్ట్రేలియాలోని విక్టోరియా, దక్షిణ ఆస్ట్రేలియా వలసలు దీనిని ఆరంభించినవి. దాని యంత్రాంగము సులభము. అభ్యర్థులందరి పేర్లను ప్రభుత్వమే ఒక కాగితముపై అచ్చువేయించును. ఓటరు దానిని తీసికొని ఎవరికి కనబడని మరుగున గుర్తు పెట్టి, మడచి, ముద్రవేసిన పెట్టెలో వేయును. అందరి కాగితములు కలసిపోయిన పిమ్మట లెక్కింపు జరుగును. హస్టింగ్సు వేదికపై నామినేషను, చేతులెత్తు తంతు రద్దయి, వ్రాతపూర్వకమైన నామినేషను వచ్చెను. చదువురానివాని కాగితమును మాత్రము పోలింగు అధికారి ఏజెంట్ల సమక్షమున గుర్తించెడివాడు. నిరక్షరాస్యునకు పూర్తి రహస్యము దక్కలేదన్నమాట. విద్య లేమి హక్కును ఎట్లు కోయునో విద్యార్థులు ఇచ్చట గమనింపవలెను.

క్రొత్త పద్ధతిలో మొదటి పార్లమెంటు ఎన్నిక 1872 ఆగస్టు 15వ తేదీన యార్క్‌షైరులోని పాంటిఫ్రాక్ట్ పట్టణమున జరిగిన ఉప ఎన్నిక. మంత్రి పదవి స్వీకరించిన సభ్యుడు మరల ఎన్నిక కావలెనను నాటి నియమము ననుసరించి హ్యూ చిల్డర్స్ పోటీచేసి, 578 ఓట్లకు ప్రతిగా 658 ఓట్లతో గెలిచెను. ఇతడు యౌవనమున ఆ విక్టోరియా వలసలోనే ప్రభుత్వ పదవులు నిర్వహించినవాడగుట ఒక చిత్రమైన కలయిక. ఆ పట్టణము అతిమధురముతో చేయు మిఠాయికి ప్రసిద్ధి. ఓటుపెట్టెకు లక్క వేసి, మిఠాయిపై వేయు ముద్రనే దానిపై వేసిరి. ఆ పెట్టె నేటికిని ఆ ఊరి మ్యూజియమున భద్రముగా నున్నది. అల్లరులు లేక దినము ప్రశాంతముగా గడచినది.

చట్టము చేసిన పని, చేయలేని పని

రహస్య ఓటుతో మొదటి సార్వత్రిక ఎన్నిక 1874లో జరిగెను. దానిని తెచ్చిన గ్లాడ్‌స్టన్ పక్షమే అందులో ఓడిపోయి, డిజ్రేలీ అధికారమునకు వచ్చెను. ఐర్లండులో స్వపరిపాలన కోరువారు సుమారు 60 మంది గెలిచిరి. ఓటు విస్తరించిన డిజ్రేలీకి 1868లో జరిగినదే, ఓటును రక్షించిన గ్లాడ్‌స్టన్‌కు 1874లో జరిగినది. ఇది ఆ సంస్కరణల వైఫల్యము కాదు. వాని నిజాయితీకి గీటురాయి. పాలకునకు లాభించుటకై చేసిన ఏర్పాటు కాదని ఓటమియే ఋజువు చేసెను.

అయినను చట్టమొక్కటే అన్నిటికి మందు కాదు. లంచములు వెంటనే అంతరింపలేదు. అభ్యర్థుల ఖర్చునకు పరిమితి పెట్టి, అవినీతిని కఠినముగా శిక్షించు చట్టము 1883లో వచ్చిన పిదపనే అవి బాగుగా తగ్గెను. వ్యవసాయ కూలీలకు 1884లో ఓటు వచ్చెను. స్త్రీలకు 1918లో ముప్పది యేండ్లు నిండినవారికి, అదియు కొన్ని షరతులతో వచ్చి, పురుషులతో సమానముగా 1928లో లభించెను. మిల్ 1867లో కోరిన ఒక్క పదము మార్పునకు అరువది యొక్క సంవత్సరములు పట్టెను.

మనకు సంక్రమించిన వారసత్వము

బ్రిటను మెట్టుమెట్టుగా, దశాబ్దములు గడచి చేరిన స్థలమునుండి భారతదేశము తన నడకను ఆరంభించెను. మన రాజ్యాంగముయొక్క 326వ అధికరణము ఆస్తి, విద్య, మత, లింగ భేదము లేక వయోజనులందరికి ఓటిచ్చెను. 1951–52లో జరిగిన మొదటి సార్వత్రిక ఎన్నికలో ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె నుంచి, దానిపై ఎన్నికల గుర్తు అతికించి, మరుగుచాటున ఉంచిరి. అక్షరములు రానివాడు కూడ ఎవరి సహాయము లేకయే బొమ్మనుబట్టి తన కాగితమును పెట్టెలో వేయగలిగెను. 1872 చట్టము నిరక్షరాస్యునకు పూర్తిగా ఈయలేని రహస్యమును మన ఎన్నికల గుర్తు ఇచ్చెను. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టము 128వ సెక్షను రహస్యమును కాపాడుట ఎన్నికల సిబ్బందికి విధిగా చేయగా, 94వ సెక్షను ప్రకారము తాను ఎవరికి ఓటు వేసెనో చెప్పుమని ఓటరును ఎవరును నిర్బంధింపజాలరు. ప్రతినిధి ఓటు విషయమున మాత్రము మార్గము వేరు. 2003 సవరణ తరువాత రాజ్యసభ ఎన్నికలలో శాసనసభ్యులు బహిరంగముగా ఓటు వేయుచున్నారు. పైన చెప్పిన భేదమే ఇచ్చట చట్టరూపము దాల్చినది.

1989 నుండి మన దేశమున పదునెనిమిది యేండ్లకే ఓటు హక్కు వచ్చుచున్నది. అనగా ఈ సంచికను చదువు విద్యార్థులలో పెక్కురు ఓటర్లే, లేక రేపో మాపో కానున్నవారే. మరుగు వెనుక నిలుచు ఆ కొన్ని క్షణములలో మనలను చూచువారెవరును ఉండరు. యజమాని లేడు, పెద్దమనిషి లేడు, కులపెద్ద లేడు, మతపెద్ద లేడు. ఆ ఏకాంతము మనకు ఊరక లభించినది కాదు. నోట పలికి పొలము పోగొట్టుకొనిన కార్డిగన్ కౌలుదారు, పనిపోయిన బ్లాక్‌బర్న్ కార్మికుడు దాని వెలలో కొంత భాగము చెల్లించిరి. మిల్ పండితుడు ఓడిన వాదమున చెప్పిన సత్యము మాత్రము మిగిలియేయున్నది: ఓటు అమానతు. చూచువారు లేనిచోట అమానతును కాపాడువాడే నమ్మదగినవాడు. రహస్యము మనలను ఇతరుల భయమునుండి విడిపించెను, బాధ్యతనుండి కాదు.